జీపీ సర్జరీలో టోకెన్ నంబర్లు ఉండవు

ఇంగ్లండ్‌లో కొత్తగా దిగినవాళ్లు ఇంటికి ఫోన్ చేసి "రేపు సర్జరీకి వెళ్తున్నా" అంటే అవతల అమ్మ గుండె జారిపోతుంది. ఇక్కడ సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, జీపీ, అంటే ఏ జబ్బుకైనా ముందుగా చూసే మామూలు డాక్టర్, కూర్చునే క్లినిక్. మాట రెండు రోజుల్లో అలవాటైపోతుంది, పద్ధతే ఏళ్లు గడిచినా మింగుడుపడదు. మన ఊళ్లో కాంపౌండర్ దగ్గర పేరు రాయించి, టోకెన్ వచ్చేదాకా కూర్చుంటే డాక్టరుగారు చూస్తారు. ఇక్కడ ముందొచ్చినవాళ్లకి ముందు అనే లెక్క లేదు. ఎవరి సంగతి ఎంత తొందరో చూసి, ఎవరు ఎప్పుడు చూడాలో సర్జరీవాళ్లే తేలుస్తారు. అలా తేల్చడానికి వాళ్ల చేతిలో ఉండేది మీరు చెప్పిన నాలుగు ముక్కలే.

ముందు రిజిస్ట్రేషన్. జ్వరం వచ్చాక కాదు, ఇల్లు దొరికిన వారంలోనే చేసుకోవాలి. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లోని సర్జరీలు కనిపిస్తాయి. ఫారం ఆన్‌లైన్‌లో నింపొచ్చు, కాగితం మీద కూడా నింపొచ్చు. పాస్‌పోర్టు, అడ్రస్ ప్రూఫ్ అడగొచ్చు గానీ, అవి లేవన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు. నలుగురు కలిసి ఉండే ఇంట్లో స్టూడెంట్ పేరు మీద కరెంటు బిల్లు ఎక్కడుంటుంది? ప్రూఫ్ లేదంటే కుదరదన్నారని వెనక్కి వచ్చేసేవాళ్లు చాలామంది. "అది తప్పనిసరి కాదు కదండీ" అని మర్యాదగా ఒక్కసారి అడగండి. అప్పటికీ కాదంటే కారణం 14 రోజుల్లో రాసివ్వాలి. మీ ఇల్లు వాళ్ల ఏరియా బయట ఉందంటే మాత్రం అది న్యాయమైన కారణమే.

ఆ ఫారంలో మనవాళ్లు ఎక్కువగా తప్పుచేసేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మిగతా రెండు మూడు ముక్కలు గివెన్ నేమ్ గడిలో ఉంటాయి. ఫారంలో అలవాటుకొద్దీ ఇంటిపేరుకి ఒక్క అక్షరం పెట్టేసి, పిలిచే పేరు సర్‌నేమ్‌గా రాసేస్తారు. ఆ రోజు ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఎన్‌హెచ్‌ఎస్ యాప్ పెట్టుకుని, పాస్‌పోర్టు ఫొటో తీసి, ముఖం స్కాన్ చేశాక, మీ రికార్డు దొరకడం లేదంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఉన్న వరుసలోనే రాయండి. ఇప్పటికే తప్పు పడితే పాస్‌పోర్టు పట్టుకుని రిసెప్షన్‌కి వెళ్లి దిద్దించుకోండి.

ఇక అసలు పని, అపాయింట్‌మెంట్. సర్జరీ పనివేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి సాయంత్రం 6:30 వరకు. ఫోన్ చేయొచ్చు, నేరుగా వెళ్లి అడగొచ్చు, ఆన్‌లైన్ ఫారం నింపొచ్చు. 2025 అక్టోబర్ 1 నుంచి, తొందరలేని సమస్యల కోసం ఈ ఫారాన్ని పనివేళలంతా తెరిచి ఉంచాలన్నది నియమం. ఎనిమిది గంటలకి ఫోన్ లైన్ల మీద జాతరలా పడతారు. ఈరోజే చూడాల్సిన బాధ కాకపోతే ఆ జాతరలోకి వెళ్లకండి, ఫారమే నయం.

ఫారంలో ఏం రాస్తారన్నది చాలా ముఖ్యం. "కడుపునొప్పి, డాక్టర్‌ని చూడాలి" అని రాస్తే చదివేవాళ్లకి తెలిసేది సున్నా. ఇలా రాయండి: "మూడు వారాలుగా తిన్న అరగంటకి పైకడుపులో మంట, వారానికి నాలుగైదు సార్లు. రాత్రి నిద్రలేపుతోంది. వాంతులు లేవు, మలం నల్లగా లేదు. ఈ నెలలో రెండు కిలోలు తగ్గాను. ఇండియా నుంచి తెచ్చుకున్న పాంటోప్రజోల్ 40 ఎంజీ పది రోజులు వేసుకున్నా తగ్గలేదు. మా నాన్నకి అల్సర్ ఉండేది. మంగళ, గురువారాలు ఉదయం ఫోన్ ఎత్తగలను." ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, ఏం వాడారు, ఏ పని ఆగిపోయింది, మీకున్న భయమేమిటి అన్నీ అందులో ఉన్నాయి. బరువు తగ్గిన సంగతి ఒక్కటే దాన్ని వరుసలో ముందుకి జరపగలదు. సిగ్గుపడి దాచినా, "మేనేజ్ చేస్తున్నా" అని తేలిక చేసినా వెనక్కి పోతుంది. ఛాతీనొప్పి, మూతి వంకరపోవడం, ఊపిరాడకపోవడం లాంటివి ఫారంలో రాసుకుంటూ కూర్చోకూడదు, అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చేయాలి. సర్జరీ మూసేశాక మరీ అంత ప్రమాదం కానివాటికి ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111.

రిసెప్షన్‌లో అమ్మాయి "దేని గురించి?" అని అడిగితే మనవాళ్లకి చిరాకు, నీకెందుకు అన్నట్టు. డాక్టర్ దగ్గరికా, నర్సు దగ్గరికా, ఫార్మసిస్టు దగ్గరికా, ఫిజియో దగ్గరికా పంపాలన్నది ఆ జవాబును బట్టే ఉంటుంది. నలుగురి ముందు చెప్పడం ఇష్టం లేకపోతే పక్కకి పిలిచి చెప్పొచ్చు, "ఆడవాళ్ల సమస్య, లేడీ డాక్టర్ కావాలి" అన్నా చాలు. ఒక్కో అపాయింట్‌మెంట్ మామూలుగా పది నిమిషాలే. మోకాలు, జుట్టు, షుగరు, నిద్ర అన్నీ ఒకేసారి విప్పితే ఏదీ తెగదు. ఎక్కువ ఉంటే డబుల్ అపాయింట్‌మెంట్ అడగండి. "ఖాళీ లేదు, రేపు చేయండి" అని పంపేయడం కూడా, ఎన్‌హెచ్‌ఎస్‌తో సర్జరీలకున్న కాంట్రాక్టులో 2023లో వచ్చిన మార్పుల తర్వాత సరికాదు. "మరి నన్ను ఎక్కడికి వెళ్లమంటారు?" అని అడిగితే ఏదో ఒక దారి చూపించాలి.

ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకి ఇంటర్‌ప్రెటర్ ఉచితం. వెళ్లాక కాదు, బుక్ చేసేటప్పుడే అడగాలి. "ఇండియన్ లాంగ్వేజ్" అనకుండా తెలుగు అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే అవతల హిందీ వినిపించవచ్చు. పదేళ్ల మనవడితో అమ్మమ్మ గర్భసంచి సంగతి చెప్పించడం ఎవరికీ మంచిది కాదు.

చాలా పనులకి జీపీ అక్కర్లేదు కూడా. 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండ్‌లో ఫార్మసీ ఫస్ట్ అనే పద్ధతి ఉంది. గొంతునొప్పి, సైనసైటిస్, పిల్లల చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటైగో (అంటుకునే చర్మపు పుండ్లు), షింగిల్స్ (ఒంటికి ఒకవైపు నొప్పితో లేచే పొక్కులు), 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకి మామూలు మూత్రం మంట, ఈ ఏడింటికి ఫార్మసిస్టే చూసి అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. ఒక్కోదానికి వయసు పరిమితులున్నాయి. ఏడు రోజుల్లోపు సెలవుకి డాక్టర్ కాగితం అక్కర్లేదు, మీరే రాసిచ్చుకోవచ్చు. గర్భం వస్తే మిడ్‌వైఫ్‌కి (గర్భిణుల్ని, కాన్పుని చూసుకునే ఆమె) నేరుగా రాయొచ్చు.

మందుల దగ్గర ఇంకో తిప్పలు. ఇండియా డాక్టర్ చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు, గ్లైకోమెట్ లాంటి మన షుగరు మందు కంపెనీ పేరు చెబితే జీపీకి తెలియకపోవచ్చు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, ఎంజీ చెప్పాలి. రెండు మూడు మందులు కలిపిన మన బిళ్లలు ఇక్కడ అదే రూపంలో దొరక్కపోవచ్చు, విడివిడిగా రాస్తారు. 2024 మే నుంచి ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. థైరాయిడ్ తక్కువై మందు వేసుకునేవాళ్లకి, షుగర్‌కి మందు వాడేవాళ్లకి అన్ని మందులూ ఉచితమే, కానీ దానంతటది రాదు. సర్జరీలో ఎఫ్‌పీ92ఎ ఫారం అడిగి, నింపి, వాళ్ల సంతకంతో పంపాలి. అప్పుడు అయిదేళ్ల సర్టిఫికెట్ వస్తుంది. అది చేతికి రాకముందే చీటీ వెనక ఉచితం అని టిక్ పెడితే 100 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని కూడా జీపీ చూడొచ్చు, చూసినందుకు డబ్బు తీసుకోరు. మూడు నెలల్లోపు ఉండేవాళ్లని టెంపరరీ పేషెంట్‌గా చేర్చుకుంటారు. చిక్కంతా జీపీ ఆసుపత్రికి రాసినప్పుడే. అక్కడ విజిటర్ల దగ్గర ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుకి 150 శాతం వసూలు చేస్తారు. ఎమర్జెన్సీ విభాగంలో చూడటం వరకు ఉచితం, వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి బిల్లు మొదలు. అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనేటప్పుడు ఉన్న బీపీ, షుగరు దాచకుండా రాయించండి. దాచితే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.