నడుం పట్టేస్తే ముందు ఎవరి దగ్గరికెళ్ళాలి? నేను తిరిగిన దారి

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇరవై ఏళ్ళుగా మిషను కుడుతున్నాను, ఎక్కువగా బ్లౌజులే. పోయిన దసరాకి ముందు ఆర్డర్లు మీద పడిపోయి రోజుకి పది పన్నెండు గంటలు కూర్చున్నాను, ఓ రోజు పొద్దున్నే నీళ్ళ బిందె ఎత్తబోతే నడుం పట్టేసింది, వంగినదాన్ని వంగినట్టే గోడ పట్టుకుని ఉండిపోయాను. రెండ్రోజులకి ఆ నొప్పి ఎడమ పిరుదు మీంచి పిక్క దాకా దిగింది.

ఇంట్లో తలా ఒక మాట. అత్తమ్మ ఏమో వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లాడున్నాడు, వాడిచేత నడుం మీద మూడుసార్లు తన్నించుకోమంది. ఆవిడ ప్రేమతోనే చెప్పింది గానీ కాల్లోకి నరం లాగుతుంటే నాకు భయమేసి వద్దన్నాను. మా ఆయన ఆంధ్రా వైపు పాతపట్నం ఆసుపత్రి అంటే మరిది ఒడిశాలోనే బరంపురం అన్నాడు, ఆడపడుచు ఆయుర్వేదంలో నూనె మర్దన, కటి వస్తి (నడుం మీద పిండితో గట్టు కట్టి గోరువెచ్చటి నూనె నిలపడం) చేయించుకోమంది. మాది ఒడిశా కార్డు, దాటి ఆంధ్రా వెళ్తే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మాకు రాదు, అదో లెక్క చూసుకోవాలి.

నేను ముందు వెళ్ళింది దగ్గర్లో ఇంజెక్షన్లు వేసే ఆయన దగ్గరికి. మూడ్రోజులు సూదులు వేసి వారం మంచం దిగొద్దన్నాడు, దిగలేదు, వారానికి నడుం ఇంకా బిగుసుకుపోయింది. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే నా ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యకుండా ఎమ్మారై రాశారు, రిపోర్టులో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బడం) అనుంది, ఆపరేషన్ మాట ఎత్తారు. ఆ రాత్రి నిద్ర లేదు, మిషను అమ్మేయాలా అని ఏడ్చాను. ఏ నొప్పీ లేని నలభై ఏళ్ళవాళ్ళకి స్కాన్ తీసినా సగం మందిలో ఇలా డిస్క్ ఉబ్బు కనిపిస్తుందట. ఈ ముక్క ఆరోజు ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో!

చెప్పింది మూడో ఆయన, ఎం.ఎస్. ఆర్థో చదివిన ఒడియా ఎముకల డాక్టరు. ఒడియాలో నాకు ‘అంటా బింధుచి’ (నడుం నొప్పిగా ఉంది) వరకే వచ్చు, లాగడం వేరు తిమ్మిరి వేరు అని చెప్పలేక మా అమ్మాయిని వెంట తీసుకెళ్ళాను. ఆయన వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాపి పైకెత్తి చూశారు, మడమల మీద ఓసారి మునివేళ్ళ మీద ఓసారి నడిపించారు. ఆ తర్వాత అడిగారు, మూత్రం ఆగిపోతోందా, తెలియకుండా పడిపోతోందా, కూర్చునే చోట మొద్దుబారిందా అని. కూతురి ముందు సిగ్గేసింది కానీ అన్నిట్లోకీ ముఖ్యమైన ప్రశ్న అదేనట. అవి ఉన్నా, కాలు బలం తగ్గిపోతున్నా ఆరోజే ఆసుపత్రికి పరిగెత్తాలి, వెన్నుపాము కింద నరాలన్నీ నొక్కుకుపోతే గంటలు లెక్క. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కింద పడ్డాక వచ్చిన నొప్పి, ఇలాంటివైనా ముందు డాక్టరే చూడాలి, మర్దనవాళ్ళు కాదు.

నాకు అవేవీ లేవు. చాలా నడుం నొప్పులు కొన్ని వారాల్లో తగ్గుతాయని చెప్పి మంచం మానేసి నడవమన్నారు, కొద్దిరోజులకి మాత్రలు రాసి బి.పి.టి. (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివిన ఫిజియో దగ్గరికి పంపారు. నా నడుం నాకు తిరిగిచ్చింది ఆ అమ్మాయే. నడుం మీద కరెంటు పెట్టే యంత్రం తగిలించి పడుకోబెట్టి పంపలేదు, నేను కుట్టేటప్పుడు ఎలా కూర్చుంటానో చేసి చూపించమంది, స్టూలు ఎత్తు మార్పించింది, అరగంటకోసారి లేవమంది, రోజూ ఇంట్లో చెయ్యడానికి నాలుగు కసరత్తులు నేర్పింది. దగ్గర దగ్గర ఏడు వారాలు పట్టింది.

బెల్టు కూడా కొన్నాను, అది బీరువాలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సలహాల్లో చాలాకాలంగా ఉన్న నడుం నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం) మామూలుగా వద్దనే చెప్పింది, కసరత్తు మర్దన లాంటివి పనికొస్తాయంది. అందుకే ఆడపడుచు నూనె మర్దనకి నేను ఎదురు చెప్పను, హాయిగానే ఉంటుంది, కానీ కాల్లో బలం తగ్గినవాళ్ళు వీడియోలు చూసి నడుం విరిపించుకోవడానికి మాత్రం పోవద్దు, దండం పెడతాను.

మొన్న పక్కవీధి అప్ప వచ్చింది, ఆవిడా మిషనే కుడుతుంది, నీ కసరత్తులు నాకూ చెప్పవే అంది. మెట్లెక్కుతుంటే చూశాను, కుడి పాదం లేవట్లేదు, ఈడుస్తోంది. మూత్రం సంగతి అడిగితే ముందు నవ్వేసి, నిన్నట్నుంచి సరిగ్గా రావట్లేదే అంది. కసరత్తు చెప్పలేదు, ఆటో పిలిచాను. ఇప్పుడు బరంపురం మెడికల్ కాలేజీలో ఉంది, రాత్రి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు, ఆపరేషన్ అయ్యిందట, కాలి వేళ్ళు కదుపుతోందట.