కిటికీ వెలుగులో రాగి గీతలు

మా పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో తూర్పు కిటికీ కింద ఒక బల్ల ఉండేది. దాని మీద పడిన, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం మరకలు ఎంత తోమినా వదిలేవి కావు. అందులో కనీసం రెండు నా చేతి చలవే. సర్క్యూట్ బోర్డుల కోసం, అంటే కరెంటు నడిచే రాగి గీతలున్న పలకల కోసం, రాగి పొర అతికించిన గాజునార పలకపై చెరగని సిరా కలంతో గీతలు గీసి, ప్లాస్టిక్ పళ్ళెంలోని ఆ ద్రావణంలో ముంచి, సిరా లేని చోట రాగి కరిగిపోయేదాకా పళ్ళేన్ని అటూ ఇటూ ఊపుతూ కూర్చునేవాళ్ళం. తీసి కడిగాక ప్రతి పలకనూ మాస్టారు కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టేవారు. గాజునార పలక గుండా వెలుగు వస్తుంది, రాగి గుండా రాదు కనుక, రెండు గీతల నడుమ కరగకుండా మిగిలిన వెంట్రుకవాసి రాగి కూడా నల్లగా పట్టుబడిపోయేది. "ముందు వెలుగు చూపించు, కరెంటు తరువాత చూపిద్దాం" అనేవారు.

ఆ పళ్ళెం ఇప్పుడు నా ఇంట్లో లేదు. మూడేళ్ళుగా సర్క్యూట్ బోర్డులను చిన్న మిల్లింగ్ యంత్రంతో చెక్కుకుంటున్నాను. అభిరుచి కోసం ఈ పని చేసేవారిలో 3018 అన్న పేరుతో బాగా తెలిసిన రకమిది. ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, పద్దెనిమిది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పనిబల్ల మీద, మొనదేలిన బిట్టును (కోసే ములికిని) వేగంగా తిప్పుతూ, కంప్యూటర్ చెప్పిన దారిలో నడిపిస్తుంది. రసాయనం అక్కరలేని రాగినంతా తినేసేది. ఈ యంత్రం మాత్రం పొలం చుట్టూ కాలువ తవ్వినట్లు ఒక్కొక్క గీత చుట్టూ సన్నని గాడి తీసి, మిగిలిన రాగిని ఉన్నచోటే వదిలేస్తుంది.

మొదటి బోర్డుకు మా ప్రయోగశాలలో అందరం చేసిన సర్క్యూట్‌నే ఎంచుకున్నాను: 555 టైమర్ అనే చిప్పు (ఐసీ), 1 కిలోఓమ్, 68 కిలోఓమ్ రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, సెకనుకు ఇంచుమించు ఒకసారి వెలిగి ఆరే ఎల్‌ఈడీ. అంత సులువైన బోర్డు కూడా చెడిపోయింది. ఎడమ వైపు గాడి లోతుగా, వెడల్పుగా దిగి సన్నని గీతలను మింగేసింది. కుడి వైపు బిట్టు రాగిని తాకనే లేదు. యంత్రాన్ని తిట్టుకున్నాను గాని తప్పు దానిది కాదు. మామూలు పలక మీద రాగి మందం 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు కన్నా కొంచెమే ఎక్కువ. నేను 0.07 మిల్లీమీటర్ల లోతు పెట్టాను. బిగించిన పలక అంతకు మూడింతలు వంగి ఉంటే ఆ లోతుకు అర్థం ఏముంది? బిట్టు కోసుగా ఉండటం వల్ల లోతుతో పాటు వెడల్పూ మారుతుంది: 0.1 మిల్లీమీటరు మొన, 30 డిగ్రీల కోణం ఉన్న బిట్టు 0.1 లోతులో 0.15 వెడల్పు గాడి తీస్తే, 0.2 లోతులో 0.2 దాటిపోతుంది.

దీనికి మందు ఎత్తుల పటం. ఒక తీగను బిట్టుకు, మరొక తీగను రాగికి తగిలించి, పలకంతటా సెంటీమీటరుకు ఒకచోట బిట్టును మెల్లగా దించితే, రాగి తగిలిన క్షణాన కరెంటు దారి మూసుకుని, ఆ చోటి ఎత్తు నమోదవుతుంది. నా 70 × 50 మిల్లీమీటర్ల పలకకు ఎనిమిది ఆరుల నలభై ఎనిమిది చుక్కలు వచ్చాయి. కంటికి అద్దంలా కనిపించిన ఆ పలక నడిమి భాగం ఒక మూల కన్నా 0.23 మిల్లీమీటర్లు పల్లంగా ఉందని అప్పుడు తెలిసింది. ఆ తరువాత బిట్టు ఆ ఎత్తుపల్లాలను అనుసరించి నడుస్తుంది, గాడి అంతటా ఒకే వెడల్పున పడుతుంది. ఈ పనిలో అన్నిటికన్నా విలువైన అరగంట ఇదేనని నా అభిప్రాయం. దీన్ని దాటవేసి ఆదా చేసుకున్న సమయాన్ని నేను ఎన్నడూ దక్కించుకోలేదు.

రెండో బోర్డు గాడి చక్కగా వచ్చింది, బొమ్మే తిరగబడింది. కింది వైపు రాగిని చెక్కేటప్పుడు బొమ్మను అద్దంలో చూసినట్లు తిప్పాలన్న సంగతి మరచాను. ఐసీని రాగి వైపునే అతికించి గట్టెక్కాను. ఆ బోర్డు ఇప్పటికీ పనిచేస్తోంది.

భాగాల కాళ్ళు దూర్చే రంధ్రాలు గాడి తరువాత, అంచు కోత అన్నిటికన్నా చివర. అంచు ముందే కోస్తే పలక వదులై కదిలిపోతుంది. రెండు వైపుల గీతలనూ కలిపే రాగి పూతను ఇంట్లో రంధ్రాల లోపల వేయలేము కనుక, రెండు వైపులా గీతలున్న బోర్డులో పైకీ కిందికీ చిన్న తీగ దూర్చి రెండు వైపులా సోల్డర్ చేయాలి. గాజునార ధూళి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు, దుమ్ము పీల్చే గొట్టం లేకుండా యంత్రం దగ్గర కూర్చోకూడదు, నోటితో ఊదడం అసలే కూడదు. ఆ గాజునారే బిట్టు మొననూ అరగదీస్తుంది. గాడి అంచున రాగి నూగు లేస్తోందంటే బిట్టు మార్చే వేళ అయిందన్నమాట.

కిందటి నెల చెక్కిన బోర్డులో ఐసీ పక్కపక్కనున్న రెండు కాళ్ళ మధ్య మల్టీమీటర్ కూత పెట్టింది, అంటే విడిగా ఉండాల్సిన ఆ రెండూ ఎక్కడో కలిసిపోయాయన్నమాట. భూతద్దం కింద గాడి శుభ్రంగానే కనిపించింది. చివరికి లేచి వెళ్ళి బోర్డును కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టాను. మూడో కాలు దగ్గర, గాడికి అడ్డంగా వాలిన రాగి నూగు ఒక్క పోగు నల్లగా కనిపించింది. బ్లేడు మొనతో గీకాను. మల్టీమీటర్ ఊరుకుంది.