ఇంజెక్షన్‌కి మళ్లీ అనుమతి తెచ్చుకోవడం: నా అనుభవం

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి (ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) నేను వాడేవి రెండు: రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాముల అడాలిముమాబ్ ఇంజెక్షన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు. బీమా నిబంధనలు మారుతున్నాయంటే ఇంజెక్షన్‌కి బీమా కంపెనీని మళ్లీ అనుమతి అడగాలి. తీరా అడిగేనాటికి కీళ్లు బాగానే ఉంటాయి, చిక్కంతా అక్కడే. మందు పనిచేస్తున్నన్నాళ్లూ కాగితం మీద జబ్బు కనబడదు. డాస్28 స్కోరు (28 కీళ్ల వాపు, నొప్పి, రక్తపరీక్ష వగైరా కలిపి జబ్బు తీవ్రతకి వేసే లెక్క) 2.6 కంటే తక్కువుంటే జబ్బు అణిగినట్టు లెక్క. అణిచింది ఆ మందేనని చూపించాల్సిన పని మాత్రం మన నెత్తినే పడుతుంది.

అందుకే నా ఫైల్లో పైన ఉండేది తాజా రిపోర్టు కాదు, ఇంజెక్షన్ మొదలుపెట్టక ముందుది. అప్పటి స్కోరు (5.1 దాటితే తీవ్రం), వాచిన కీళ్లెన్ని, నొక్కితే నొప్పి పుట్టేవెన్ని, ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు) ఎంత అన్నీ అందులో ఉండాలి. ఆ లెక్కలోని 28 కీళ్లలో పాదాలవి లేవు. వాపంతా పాదాల్లోనే ఉన్నవాళ్లకి స్కోరు తక్కువొస్తుంది, కాబట్టి పాదాల సంగతి విడిగా రాయమని డాక్టరుగారిని అడగాలి.

తర్వాతది పాత మందుల పట్టిక. చవక మందు వాడి చూశాకే ఖరీదైనది ఇస్తామనే నియమం ఉన్నచోట "మెథోట్రెక్సేట్ పనిచేయలేదు" అన్న ఒక్క ముక్క చాలదు. వారానికి ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎందుకు ఆపారు అన్నీ కావాలి. 7.5 మిల్లీగ్రాములతో ఆరు వారాలు వాడి వదిలేస్తే సరిగా ప్రయత్నించలేదంటారు. ఆ మాట తీసిపారేసేది కాదు, ఆ మందు గుణం తేలాలంటే సరిపడా డోసులో మూడు నెలలైనా పడుతుంది. పడక ఆపేస్తే వాంతులా, కాలేయం ఎంజైములు పెరిగాయా అన్నది రాయించి, ల్యాబ్ రిపోర్టు జతచేయాలి.

దరఖాస్తు వెనక్కి రావడానికి చిన్న తేడా చాలు. జబ్బులకి కోడ్‌లిచ్చే ఐసీడీ-10 పద్ధతిలో, రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష పాజిటివ్ అయితే ఎం05, నెగెటివ్ అయితే ఎం06. చీటీ మీద ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి పడిందా, వెనక్కొచ్చినట్టే. టీబీ, హెపటైటిస్ బి పరీక్షల కాపీలు లేకపోయినా అంతే.

పాత అనుమతి తీరడానికి ఆరు వారాల ముందే కాగితాలు పంపేస్తాను, ఒక డోసైనా చేతిలో మిగిలేలా చూసుకుంటాను. మధ్యలో ఖాళీ వస్తే కొందరి ఒంట్లో మందుకి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి, మళ్లీ మొదలుపెట్టినా మునుపటిలా పనిచేయకపోవచ్చు. దాచిన డోసు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ వెనక గోడకి ఆనిస్తే గడ్డకట్టొచ్చు. ఒకసారి గడ్డకట్టింది కరిగాక ఎంత తేటగా కనిపించినా పారేయాల్సిందే.

కొత్త నిబంధనతో బయోసిమిలర్‌కి (అసలు ఇంజెక్షన్‌కి దాదాపు సమానంగా వేరే కంపెనీ చేసే మందుకి) మారమంటే నేను పేచీ పెట్టను. పెట్టె మీద మాత్రం రెండు చూస్తాను. అదే 40 మిల్లీగ్రాములు కొన్నిట్లో 0.8 మిల్లీలీటర్లలో, కొన్నిట్లో 0.4లో వస్తాయి. సిట్రేట్ అనే లవణం కలిసినవి ఎక్కేటప్పుడు ఎక్కువ మండుతాయి. ఇంజెక్షన్ పెన్ను నొక్కే తీరు కూడా వేరుగా ఉండొచ్చు, మొదటిసారి నర్సు ముందు వేసుకోవడం మేలు. మారడానికి రెండు వారాల ముందు నుంచే, పొద్దున లేచాక పిడికిలి పూర్తిగా బిగియడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసిపెట్టుకోవాలి. లేకపోతే ఎప్పటి నుంచో ఉన్న నొప్పిని కూడా కొత్త మందు నెత్తినే రుద్దేస్తాం (నాకూ ఆ గుణం ఉంది).

తిరస్కరిస్తే ఫోన్లో వాదించి లాభం లేదు. కారణం, అప్పీలు గడువు రాతపూర్వకంగా తీసుకుని, సరిగ్గా ఆ కారణానికే జవాబుగా డాక్టరుగారి చేత ఉత్తరం రాయించాలి. ఈలోగా నొప్పి తిరగబెట్టిందని డ్రాయర్లో మిగిలిన ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకూడదు. వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సహజ స్టెరాయిడ్‌ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు చేతులెత్తేయొచ్చు. మెథోట్రెక్సేట్‌ని వారానికి బదులు రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. నా డబ్బా మూత మీద "బుధవారం మాత్రమే" అని మార్కర్‌తో రాసి ఉంటుంది.