నల్ తీసి సున్నా పెట్టాను

డెలివరీ ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చెప్పే కాలమ్ ఒకటి మా టేబుల్‌లో ఉండేది. ఆర్డర్ ఇంకా చేరకపోతే అందులో నల్ (అంటే విలువేదీ లేని ఖాళీ) ఉంటుంది. ఆ నల్‌ల వల్ల తమ జాబ్ (దానంతటదే నడిచే డేటా పని) ఒకటి మాటిమాటికీ ఫెయిలవుతోందని పక్క టీమ్ వాళ్లు అడిగితే, దానిదేముంది అనుకుని నల్ వచ్చినచోట సున్నా పడేలా మార్చేశాను. ఒక్క లైను. టెస్టులన్నీ పాసయ్యాయి, పైగా ‘ఈ కాలమ్‌లో నల్ ఉండకూడదు’ అనే టెస్టు ఇంకోటి నేనే చేర్చి, అదీ పాసయిందని మురిసిపోయాను.

ఏం చేశానో మూడు వారాల తర్వాత గానీ తెలియలేదు. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో సగటు తీసేటప్పుడు నల్‌ని లెక్కలోకే తీసుకోరు, సున్నాని తీసుకుంటారు. 30, 20, 10, ఒక నల్ ఉంటే సగటు 20. ఆ నల్‌ని సున్నా చేస్తే 15. అంటే ఇంకా చేరని ఆర్డర్లన్నీ మా లెక్కలో టైముకే చేరిపోయినట్టు. ఎక్కువ ఆర్డర్లు ఇరుక్కుపోయిన రోజున ఆలస్యం ఇంకా తక్కువ కనిపిస్తుంది. సంఖ్య చెడిపోయినట్టు కనిపిస్తే ఎవరో ఒకరు అరిచేవాళ్లే, కానీ ఇది బాగుపడినట్టు కనిపించింది, ఇంకెవరు అడుగుతారు? ఆపరేషన్స్ టీమ్‌కి అభినందనల మెయిల్ కూడా వెళ్లింది. (ఆ మెయిల్ నాకూ వచ్చింది, నేనూ చప్పట్ల బొమ్మ పెట్టాను.)

అప్పటినుంచి పైప్‌లైన్ (డేటాని ఒక టేబుల్ నుంచి ఇంకోదానికి చేర్చే వరస) ఆగిపోతే నాకు పెద్ద టెన్షన్ ఉండదు. కాలమ్ పేరు మారితే కింద, అంటే ఆ టేబుల్‌ని వాడుకునే చోట్ల, ఏదో ఒకటి ఎర్రగా వెలుగుతుంది, పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పేరు అదే, టైపు అదే, అర్థం మాత్రం మారితేనే భయం. స్టేటస్ కాలమ్‌లో ‘రద్దు’ అనే విలువని ‘కస్టమర్ రద్దు’, ‘షాపు రద్దు’ అని రెండు చేశారనుకోండి, ‘రద్దు’ అని ఫిల్టర్ పెట్టుకున్న రిపోర్టులో మర్నాటినుంచి సున్నా వరసలు, ఎర్రర్ మాత్రం రాదు. యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైముని లోకల్ టైముకి మార్చినా అంతే, అర్ధరాత్రికి అటూఇటూ ఉన్న వరసలు చడీచప్పుడు లేకుండా వేరే తేదీలోకి జారుకుంటాయి. కొత్త కాలమ్ చేర్చడం వల్ల ఏ నష్టమూ లేదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు, కింద ఎవరైనా సెలెక్ట్ స్టార్ (కాలమ్‌లన్నీ ఇవ్వమని) రాసి దాన్ని ఇంకో టేబుల్‌తో యూనియన్ చేసి (ఒకదాని కింద ఒకటి కలిపి) ఉంటే అక్కడ కాలమ్‌లు వరుస క్రమాన్ని బట్టే జత కలుస్తాయి, పేర్లని బట్టి కాదు.

లినియేజ్ (ఏ టేబుల్ దేని మీద ఆధారపడిందో చూపే బొమ్మ) చూసుకోవచ్చు కదా అంటారు. చూస్తాను, అదే మొదటి పని. టేబుల్‌లు తయారుచేసే టూల్ డీబీటీలో మోడల్ (ఒక టేబుల్‌ని తయారుచేసే క్వెరీ) పేరు తర్వాత ప్లస్ గుర్తు పెడితే దాని మీద ఆధారపడ్డవన్నీ వరసగా వస్తాయి. కానీ ఆ బొమ్మలో ఉండేది ఆ ప్రాజెక్టుకి తెలిసినంతే. దాని పక్కన వేర్‌హౌస్ (డేటా అంతా ఉండే చోటు) క్వెరీ లాగ్ పెట్టుకుని, ఈ టేబుల్‌ని నిజంగా ఎవరెవరు చదువుతున్నారో వెతుకుతాను. అక్కడ రెండు వారాలు చూసి ఆపేస్తే మూణ్నెల్లకోసారి నడిచే రిపోర్టు దొరకదు. వేర్‌హౌస్ బిగ్‌క్వెరీ అయితే జాబ్స్ వ్యూలో 180 రోజుల చరిత్ర ఉంటుంది, స్నోఫ్లేక్ అయితే యాక్సెస్ హిస్టరీలో 365 రోజులు, ఉన్నంతా వాడుకోవాలి. అప్పుడు కూడా లాగ్‌లో కనిపించేది ఒక సర్వీస్ అకౌంట్ (మనిషిది కాకుండా ప్రోగ్రాముది అయిన లాగిన్) పేరే, దాని వెనక ప్రతి సోమవారం సీఎస్‌వీ ఫైలు దించుకుని తన షీట్‌లో అతికించుకునే మనిషి కనపడడు. నా సున్నాల సంగతి పట్టుకున్నది అలాంటి మనిషే. “ఇంకా చేరని ఆర్డరు కూడా లేటు కానట్టేనా అండీ?” అని ఒక్క లైను మెసేజ్ పెట్టారు. ఆవిడ షీటు ఏ లినియేజ్‌లోనూ లేదు.

మనం కోడ్ ముట్టుకోకపోయినా మార్పు రావచ్చు, అది ఇంకో తలనొప్పి. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ టెస్టుల ఫలితాలని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించేవాళ్లు, దానిలో షీటుకి 65,536 వరసలే పడతాయి. కేసులు పెరిగాయి, షీటు నిండింది, మిగతావి రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు లెక్కకి రాలేదు, ఆ మేరకు వాళ్లని కలిసినవాళ్లని వెతికే పనీ ఆలస్యమైంది. పైనుంచి ఎన్ని వరసలు బయల్దేరాయి, కిందకి ఎన్ని చేరాయి అని పోల్చే చెక్ ఒక్కటి ఉంటే మొదటిరోజే బయటపడేది.

ఇప్పుడు నేను చేసేది మరీ గొప్పదేం కాదు. మార్పుని పక్కన వేరే స్కీమాలో (టేబుల్‌లు విడిగా పెట్టుకునే చోటు) నడిపి, పాత టేబుల్‌నీ కొత్తదాన్నీ పోలుస్తాను: వరసల సంఖ్య, ప్రతి కాలమ్‌లో నల్‌లు ఎన్ని, మొత్తం, సగటు, కొత్తగా వచ్చిన విలువలు. మొత్తం ఒక్కటే చూస్తే చాలదు, నా సున్నాల వల్ల మొత్తం అంగుళం కూడా కదల్లేదు, కదిలింది సగటే. అర్థం మారుతుందని తేలితే పాత కాలమ్ జోలికి పోను, కొత్త పేరుతో ఇంకోటి పక్కన పెట్టి, వాడేవాళ్లు ఒక్కొక్కరే దానికి మారాక పాతది తీసేస్తాను. ఈ ‘మారాక’ అనేది మా దగ్గర నెలలు పడుతుంది, ఒక్కోసారి ఎవరూ మారనే మారరు, టేబుల్‌లో ఒకే సంగతికి మూడు కాలమ్‌లు పోగవుతాయి. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది, ఉండనీ.

ఆ సున్నాలని మళ్లీ నల్ చేసి మూడు వారాల డేటా బ్యాక్‌ఫిల్ చేశాను, అంటే వెనక్కి వెళ్లి మళ్లీ నింపాను. సగటు ఒక్కసారిగా పెరిగింది. ఆలస్యం ఎందుకు పెరిగిందని ఆపరేషన్స్ టీమ్‌ని మీటింగ్‌కి పిలిచారు. ఆ మీటింగ్‌లో మాట్లాడింది మాత్రం నేనే.