గుట్ట మీద బ్రూనో కూర్చుండిపోయిన రోజు

మొన్న మార్చి చివరి ఆదివారం నేనూ మా బావమరిదీ మా ఇంటి కుక్కలు రెండింటినీ వెంటబెట్టుకుని, దామలచెరువు దగ్గర మా పెదనాన్నగారి మామిడితోట వెనక ఉన్న గుట్ట ఎక్కాము. కళ్లెదుటే శేషాచలం కొండలుండగా తిరుపతి నుంచి అంత దూరం ఎందుకు వెళ్లారని ఇప్పటికే చాలామంది అడిగారు. ఆ అడవుల్లో కొంతభాగం శ్రీ వేంకటేశ్వర జాతీయవనం కిందకు వస్తుంది కాబట్టి అక్కడికి పెంపుడు కుక్కలతో వెళ్లే ఆలోచనే పెట్టుకోకూడదు. 2023లో అలిపిరి నడకదారిలోనే చిరుత ఒక పసిపిల్లను పొట్టన పెట్టుకుంది. పైగా కుక్క కనబడితే చిరుత వదలదు. అందుకని పొలాలను ఆనుకుని, రోజూ మేకలు మేసే గుట్టనే ఎంచుకున్నాము.

బ్రూనో ముప్ఫై రెండు కిలోల లాబ్రడార్. కర్రోడు మా వీధిలోనే పుట్టి మా గడపలోకి వచ్చిపడిన ఊరకుక్క. బ్రూనోలో సగం బరువు ఉంటాడేమో.

ఉదయం ఆరింటికి తోట దాటాము. నిమ్మకాయంత పిందెలతో వంగిన తోతాపురి కొమ్మల కింద రెండు కుక్కలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగులు తీశాయి. ఆ పరుగులను అప్పుడే ఆపి ఉండాల్సింది. ఆ పైన కొంతదూరం కలే పొదలూ, బలుసు పొదలూ, మోకాళ్లెత్తు ఎండిన బోదగడ్డీ ఉన్నాయి. అవి దాటితే ఇక బండే. మాది ఎడారి కాదు, రెండు ఋతుపవనాల వానలూ పడతాయి. అయితే నున్నటి నల్లరాతి గుట్ట మీద పడిన వాన పడినట్టే జారిపోతుంది గనుక, శివరాత్రి దాటేసరికి అక్కడ ఎడారికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

పైకి చేరేసరికి తొమ్మిది దాటింది. కార్తీకంలో దీపం పెట్టే రాతిస్తంభం దగ్గర కూర్చుని ఇడ్లీలు తిన్నాము. ఈశాన్యాన తిరుమల కొండలు మసకగా కనబడుతున్నాయి. అవి పొరలుపొరలుగా పేర్చినట్టున్న రాయి, మేము కూర్చున్నది అంతకంటే ఎన్నో కోట్ల ఏళ్లు పాతదైన గ్రానైట్. ఈ రెండు రకాల రాళ్లూ కలిసే చోటును తిరుమల ఘాట్ రోడ్డులో చూడవచ్చునని మా బావమరిదికి వివరిస్తూ అరగంట వృథా చేశాను. ఆ అరగంటలో బండ కాగింది.

దిగేటప్పుడు ఒక సంగతి గమనించాను. బ్రూనో అడుగు వేసిన చోటల్లా బండ మీద తడి ముద్ర పడుతోంది; నాలుగు వేళ్ల గుర్తులూ వాటి వెనక మెత్తటి పాదం గుర్తూ స్పష్టంగా కనబడి, వాడు తరువాతి అడుగు వేసేలోగానే ఆరిపోతున్నాయి. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా ఆ అరికాళ్లలోనే. మిగిలిన వేడినంతా అది రొప్పుతూ నాలుక మీదుగా వదిలించుకోవలసిందే. మనకు ఎండ నెత్తిన కొడితే, బండకు మూరెడు ఎత్తున పొట్ట ఉన్న జంతువుకు కింది నుంచి కూడా కొడుతుంది. నేను అరచేతి వెనక భాగాన్ని బండకు ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టే లోపే చెయ్యి తీసేశాను.

నీళ్ల విషయంలో తప్పు పూర్తిగా నాదే. కుక్కకు మామూలు రోజునే కిలో బరువుకు అరవై మిల్లీలీటర్ల దాకా నీళ్లు కావాలి. అంటే బ్రూనోకు ఇంట్లో పడుకున్నా రెండు లీటర్లు. ఆ లెక్క తెలిసి కూడా, రెండు గంటల్లో వచ్చేస్తామన్న ధీమాతో, నలుగురు ప్రాణులకూ కలిపి ఐదు లీటర్లే మోసుకువెళ్లాను.

పదిన్నర ప్రాంతంలో బ్రూనో ఒక గుండు పక్కన జానెడు నీడలో కూర్చుండిపోయాడు. పిలిస్తే తోక కదిలింది గానీ లేవలేదు. నాలుక వెడల్పుగా గరిటెలా వేలాడుతోంది, చిగుళ్లు ఎర్రబారాయి, చొంగ జిగురులా సాగుతోంది. కుక్క ఒంటి వేడి ముప్ఫై తొమ్మిది డిగ్రీల దగ్గర ఉండాలి, నలభై ఒకటి దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మా దగ్గర థర్మామీటరు లేదు, సీసాలో మిగిలింది అర లీటరు.

అప్పుడు మేకల వెంట వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "ఏం నాయనా, ఈ బొచ్చుకుక్కను ఇంత ఎండలో తోలుకొచ్చినారా? ఆ గుండెనక దొన ఉండాది, ఎత్తుకోని పాండి," అన్నాడు.

దుప్పటిలో వేసుకుని చెరొక కొస పట్టుకుని మోశాము. రెండు వందల అడుగుల దూరానికి నాలుగుసార్లు దించవలసి వచ్చింది. దొనలో, అంటే బండ మీద నీళ్లు నిలిచే గుంటలో, నీళ్లు పచ్చగా, పాచి పట్టి ఉన్నాయి. అయినా ఖాళీ అయిన ఇంకో సీసాతో ముంచి పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద ధారగా పోశాము. "బావా, తువ్వాలు తడిపి కప్పేద్దామా?" అని మా బావమరిది అడిగితే వద్దన్నాను. కప్పిన తడిబట్ట కాసేపట్లోనే వెచ్చబడి, వేడిని బయటికి పోనివ్వదు. అందుకే ఆ తువ్వాలుతో విసురుతూ, ఆగకుండా నీళ్లు పోస్తూనే ఉన్నాము. దాదాపు అరగంటకు రొప్పు నెమ్మదించి, వాడంతట వాడే తల ఎత్తి మిగిలిన అర లీటరు మంచినీళ్లు తాగాడు. పెద్దాయన అంతసేపూ మేకలను అక్కడే మళ్లించుకుంటూ నిలబడ్డాడు.

నాలుగు దాకా గుండు నీడలోనే ఉండి, నీరెండలో మెల్లగా దిగి, తోట చేరేసరికి ఐదున్నర. రెండు గంటల నడక అనుకున్నది పదకొండున్నర గంటలు పట్టింది. నేరుగా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాము. ఆయన వేడి చూసి, సెలైను ఎక్కించి, ప్రమాదమేమీ లేదని చెప్పి, నన్ను మాత్రం గట్టిగానే చీవాట్లు పెట్టారు.

రాత్రి వసారాలో బల్బు కింద కూర్చుని పట్టకారుతో బ్రూనో పాదాల్లోంచి పల్లేరుకాయలు తీశాను, తొమ్మిది వచ్చాయి. కర్రోడి కాళ్లలో ఒక్కటీ లేదు. వాడు దారిపొడుగునా గుచ్చుకున్నదాన్ని గుచ్చుకున్నట్టే పళ్లతో పీక్కుంటూ, పొద పొదకూ నీడలో ఆగుతూ దిగివచ్చాడని, వాడు వెనకబడుతున్నాడని పొద్దున్నుంచీ నేను కసురుకున్నది అందుకేనని అప్పుడు గుర్తుకు వచ్చింది.