పాత ట్రెయిలర్ లైట్ల రిపేరు: ఇప్పటిదాకా తేలినవి

ట్రెయిలర్ ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. డాలస్ దగ్గర ఒక పెద్దాయన ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే కొన్నాను. పెరట్లో గోంగూర, సొర, బీర మడులకు మట్టి, కంపోస్టు తోలుకోవడానికి సంచులు కొనుక్కోవడం కన్నా ఇది చవక. చట్రం గట్టిదే, టైర్లు పర్లేదు. లైట్లే ఒక తీరున లేవు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కాబట్టి అడిగేవాడు లేడనుకోవద్దు. బ్రేక్ లైటు లేకుండా రోడ్డెక్కితే పోలీసు ఆపుతాడు, లేదా వెనక బండి వచ్చి గుద్దుతుంది. మా ఊళ్ళో రాత్రిపూట లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కుల వెనక బైకు నడిపినవాణ్ణి, ఈ విషయంలో నాకు కాస్త చాదస్తం ఎక్కువే.

మొదటి శనివారం: ఏం జరుగుతోందో చూడటం

హెడ్‌లైట్లు వేసి ఎడమ ఇండికేటర్ వేశాను. ఎడమ లైటు వెలిగిన ప్రతిసారీ మిగతా టెయిల్ లైట్లన్నీ మసకబారి, అది ఆరగానే మళ్ళీ లేస్తున్నాయి. కుడి ఇండికేటర్ ఉందా లేదా అన్నట్టుంది. బ్రేక్ తొక్కితే రెండు వైపులా నీరసమే. ఇవి కాక, ఎగుడుదిగుడు రోడ్డు మీద ఒక్కోసారి టెయిల్ లైట్లు పూర్తిగా పోయి, కారులో ట్రెయిలర్ ఫ్యూజు కాలుతోంది.

లోపం కారులో ఉందా, ట్రెయిలర్‌లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండూ కలిపి ఉంచి వెతికితే సాయంత్రం దాకా వెతుకుతూనే ఉంటాం. నాది నాలుగు పిన్నుల ఫ్లాట్ ప్లగ్గు. తెలుపు గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్ళే దారి), గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ ఇండికేటరూ బ్రేకూ, ఆకుపచ్చ కుడి ఇండికేటరూ బ్రేకూ. కారు వైపు ప్లగ్గులో కరెంటు వచ్చే మూడూ రబ్బరు లోపల దాగి, గ్రౌండ్ పిన్ను ఒక్కటే బయటికి ఉంటుంది. ప్లగ్గు ఊడి ఇనుముకు తగిలినా షార్ట్ కాకూడదని ఆ ఏర్పాటు.

మా కారుకు ఇండికేటర్ పసుపు బల్బు వేరు, బ్రేక్ ఎర్ర బల్బు వేరు. ట్రెయిలర్‌లో రెంటికీ ఒకే ఫిలమెంటు. అందుకని ఆ రెండు సిగ్నళ్ళనూ ఒకే వైరులోకి కలిపే కన్వర్టర్ అనే చిన్న డబ్బా మధ్యలో ఉంటుంది. పోయింది అదేనేమోనని టెన్షన్ పడ్డాను, ఎందుకంటే అది చౌక కాదు. టెస్ట్ ల్యాంపు (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు పరికరం) క్లిప్పును కారు బాడీకి కాకుండా ప్లగ్గులోని గ్రౌండ్ పిన్నుకే తగిలించి మిగతా మూడూ చూశాను. అలా చేస్తే కారు వైపు గ్రౌండ్ కూడా పరీక్ష అయిపోతుంది. మూడూ బ్రహ్మాండంగా వెలిగాయి. కారు, కన్వర్టర్ రెండూ నిర్దోషులే. బ్రేక్ తొక్కడానికి మా అమ్మాయి కూర్చుంది. "నాన్నా, ఇంకా తొక్కే ఉంచాలా?" అని విసుగు మొదలయ్యాక సీటుకూ పెడల్‌కూ మధ్య చీపురు కర్ర బిగించి పంపేశాను. ఒంటరిగా పనిచేసేవాళ్ళకు ఆ కర్రే గతి.

అదే రోజు మధ్యాహ్నం: గ్రౌండ్

గడ్డి కోసే బండిలోని 12 వోల్టుల బ్యాటరీ తీసి, ప్లస్ వైరులో 10 యాంపుల ఫ్యూజు పెట్టి, నేరుగా ట్రెయిలర్ ప్లగ్గుకు ఇచ్చాను. మైనస్ తెలుపుకు, ప్లస్ గోధుమకు. మసక. మైనస్‌ను తెల్ల వైరు నుంచి తీసి, చట్రం మీద రంగు గీకిన చోట పట్టుకున్నాను. లైట్లు ధగధగమన్నాయి. అంటే తెల్ల వైరు చట్రానికి కలిసే చోటే జబ్బు. చూస్తే ఆ స్క్రూ రంగు మీదనే బిగించి ఉంది, కింద అంతా తుప్పు.

ఇన్నాళ్ళూ కాస్తో కూస్తో వెలిగింది హిచ్ బాల్ (కారు వెనక ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండు) పుణ్యం. కరెంటు ట్రెయిలర్ కప్లర్ (ఆ గుండు మీద కూర్చునే ముందు భాగం) నుంచి బాల్ మీదుగా కారు బాడీలోకి తిరిగి వెళ్ళేది. బాల్‌కు గ్రీజు రాస్తాం, అది కుదుపులకు కదులుతుంది, దాన్ని గ్రౌండ్ అనుకోవడం తప్పు. ఎడమ లైటు వెలిగితే మిగతావి మసకబారడానికీ కారణం ఇదే. వెళ్ళే దార్లు వేరైనా అన్నిటి కరెంటూ తిరిగొచ్చే దారి ఒక్కటే. అది ఇరుకైతే ఒకటి ఎక్కువ తీసుకున్నప్పుడు మిగతావాటికి తగ్గుతుంది.

ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి, కొత్త రింగ్ టెర్మినల్ బిగించి, పైన రంగు పూశాను. రెండు వెనక ల్యాంపుల నుంచీ విడిగా తెల్ల వైర్లు కూడా ముందుకు లాగాను. కంపెనీల వాళ్ళు ల్యాంపును చట్రానికి బిగించేసి గ్రౌండ్ అయిపోయిందంటారు. రంగేసిన ట్రెయిలర్‌కు నా దృష్టిలో అది బద్ధకం.

ఆదివారం: కుడి వైపు, మల్టీమీటర్ మాయ

గ్రౌండ్ సరయ్యాక కూడా కుడి ఇండికేటర్ నీరసంగానే ఉంది. బల్బు తీసి హోల్డర్‌లో మీటర్ పెడితే 12.4 వోల్టులు. బల్బు పెట్టి కొలిస్తే 5 దగ్గర. మీటర్ దాదాపు కరెంటేమీ లాగదు, ఒక్క పోగు తెగకుండా మిగిలినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. ఈ 1157 రకం బల్బులో బ్రేక్ ఫిలమెంటు 27 వాట్ల దాకా తింటుంది, అంటే రెండు యాంపులకు పైగా. అంత లాగినప్పుడే లోపం బయటపడుతుంది. కాబట్టి బల్బు వెలుగుతుండగా కొలిస్తేనే ఆ అంకెను నమ్మాలి.

పాత యజమాని ఎవరో ఈ కుడి వైరుకు, కొయ్యకుండా నొక్కి బిగించే నీలం క్లిప్పు వాడారు. విప్పితే రాగి అంతా చిలుము పట్టి, ముట్టుకుంటే పొడి రాలింది. ఆ క్లిప్పులు కారు లోపల పొడిగా ఉండే చోట సరే, వానా బురదా తగిలే చోట వద్దు. నల్లబడ్డ వైరును మంచి రాగి కనిపించేదాకా కోసేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే) జాయింటుతో నొక్కి బిగించి, వేడి గాలి పెట్టాను. అంచుల్లో జిగురు బయటికి ఊరితే నీళ్ళు లోపలికి పోవు.

తర్వాతి వారం: ఫ్యూజు కాల్చే దొంగ

టెయిల్ లైట్లు పోయి ఫ్యూజు కాలుతోందంటే గోధుమ వైరు ఎక్కడో చట్రానికి తగులుతుండాలి. ఆ రెంటికీ మధ్య మీటర్ బీప్ (రెండూ కలిస్తే అరిచేది) పెట్టి చూడాలి. ముందు టెయిల్ బల్బులూ, పక్కనుండే చిన్న మార్కర్ బల్బులూ అన్నీ తీసేయాలి. లేకపోతే ఫిలమెంట్ల గుండా దారి దొరికి మీటర్ ఊరికే అరుస్తుంది. అన్నీ తీసి, వైరును ముందు నుంచి వెనక్కి జానెడు జానెడు చొప్పున ఊపుతూ వచ్చాను. ముందు గొట్టంలోకి వైరు దూరే కన్నం దగ్గర బీప్ మంది. ఆ కన్నానికి రబ్బరు బుష్ లేదు, ఇనుప అంచు కోసి కోసి రాగిదాకా వెళ్ళింది. కొత్త ముక్క వేసి, బుష్ పెట్టి, పైన ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగాను. ప్లగ్గు పిన్నులకు తడి చేరకుండా డైఎలెక్ట్రిక్ గ్రీజు కూడా పూశాను.

ఆ సాయంత్రం అర ఘన గజం మట్టి వేసుకుని గుంతల రోడ్డు మీదే వచ్చాను, ఫ్యూజు నిలిచింది. ఎడమ మార్కర్ అద్దం పగిలి ఉంది, అది మార్చాలి. వెడల్పు 80 అంగుళాలు దాటదు కాబట్టి వెనక మధ్యలో మూడు ఎర్ర లైట్లు అక్కర్లేదు, ఆ ఖర్చు తప్పింది. వెనక రెంటికీ నీళ్ళు చొరబడని ఎల్ఈడీ ల్యాంపులు ఆర్డర్ చేశాను. కరెంటు తక్కువ లాగుతాయి, కన్వర్టర్‌కూ భారం తగ్గుతుంది. వాటికి గ్రౌండ్ వైరు ఎలాగూ లాగి ఉంది. రాగానే బిగించి ఎలా ఉన్నాయో ఇక్కడే రాస్తాను.