ఒకే దారి, రెండు ట్యాంకులు: విశాఖ నుంచి గుడిస, సీలేరు చుట్టి వస్తే

ఒకే దారిలో పెట్రోలు బండికి ఎంతవుతుందో, డీజిల్ బండికి ఎంతవుతుందో చూద్దామని రెండు బండ్లు తీశాం. విశాఖలో బయల్దేరేముందు బంకు కుర్రాడికి ఒక్కటే మాట చెప్పాం. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే తీసెయ్యాలి, రౌండ్ ఫిగర్ కోసం మళ్లీ నొక్కకూడదు. మైలేజీ లెక్కలు ఎక్కువగా తప్పేది అక్కడే. ఒకచోట మొదటి టక్కుకే ఆపి, మరోచోట మూతి దాకా పోయిస్తే రెండు లీటర్లు అటూ ఇటూ అవుతాయి. 185 కిలోమీటర్లకు 13 లీటర్లు తాగిన బండి 15 తాగినట్టు కనిపిస్తే 14 మైలేజీ కాస్తా 12 అవుతుంది. తర్వాత ఆ బండిని తిట్టుకుంటూ తిరగాలి.

రెండూ మహీంద్రా థార్ ఫోర్ బై ఫోర్లే, రెండూ మాన్యువల్ గేర్లే. ఒకటి 2 లీటర్ల టర్బో పెట్రోలు, 150 హార్స్‌పవర్. రెండోది 2.2 లీటర్ల డీజిల్, 130. మాన్యువల్‌లో రెండిటికీ టార్క్ (లాగే బలం) 300 న్యూటన్ మీటర్లు, ట్యాంకు 57 లీటర్లు. బండికి ఇద్దరు మనుషులు, ఒకే సైజు టైర్లు, డోరు పక్కన స్టిక్కరు మీద రాసినంత గాలి. టైర్ల సైజు గురించి ఎందుకు చెప్తున్నామంటే, కంపెనీ ఇచ్చినవాటికంటే పెద్దవి వేయిస్తే ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది. ఉన్న మైలేజీ కూడా లేనట్టు కనిపిస్తుంది. ధరలు ఊరూరికీ కొంత మారతాయి కాబట్టి లెక్క అంతటా పెట్రోలు 109, డీజిల్ 97 రూపాయలు అనుకున్నాం.

అన్నవరం దాటి కత్తిపూడి దాకా 16వ నంబరు హైవే, అక్కడి నుంచి కాకినాడ మీదుగా యానాం దాకా 216. స్పీడు 80కీ 90కీ మధ్యే ఉంచాం. ఇంత ఎత్తుగా, పెట్టెలా ఉన్న బండి 100 దాటితే గాలిని కోసుకుంటూ పోదు, గోడను తోసుకుంటూ పోతుంది. తొందరపడితే ముందు కాలేది పెట్రోలు బండి జేబే. యానాంలో మళ్లీ ఫుల్ చేయిస్తే 185 కిలోమీటర్లకు పెట్రోలు 16.4 లీటర్లు, డీజిల్ 13 లీటర్లు పట్టాయి. అంటే లీటరుకు 11.3, 14.2 కిలోమీటర్లు. రూపాయల్లో చూస్తే కిలోమీటరుకు 9.65, 6.83. తేడా 2 రూపాయల 80 పైసలు.

యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, పన్ను తక్కువ. రెండు ఇంధనాలూ లీటరుకు పది రూపాయలకు అటూ ఇటూగా చవక. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పనిగట్టుకుని ఇక్కడికొచ్చి కొట్టించుకుంటారు. కానీ కాకినాడ నుంచి దీనికోసమే వస్తే పోనూ రానూ 60 కిలోమీటర్లు. 50 లీటర్లు కొట్టిస్తే మిగిలేది 500, పెట్రోలు బండికి ఆ రాకపోకలకే 580 ఖర్చు. డీజిల్ బండికి 410 కాబట్టి 90 రూపాయలు చేతికొస్తాయి, ఆ 90 ద్రాక్షారామంలో టిఫినుకు పోతాయి. దారిలో పడితే కొట్టించుకోవాలి, దారి మార్చుకుని రాకూడదు.

ద్రాక్షారామం, రామచంద్రపురం, రాజమండ్రి, గోకవరం. ఊళ్లూ ట్రాక్టర్లూ స్పీడ్ బ్రేకర్లూ తప్ప చెప్పుకోదగ్గ విశేషం లేదు. 120 కిలోమీటర్ల మీద పెట్రోలు 10.8, డీజిల్ 13.5 ఇచ్చాయి.

రంపచోడవరంలో రెండు ట్యాంకులూ నింపేశాం. ఇక్కడి నుంచి చింతపల్లి దాకా మధ్యలో బంకు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకుండా లెక్క వేసుకోవాలి. కొండల్లో పెట్రోలు బండి ఏడే ఇస్తుందనుకున్నా 57 లీటర్లకు 400 కిలోమీటర్లు, రిజర్వు పోను 350. మన దారి 300 లోపే. క్యానుల్లో విడి పెట్రోలు మోసుకెళ్లే పని పెట్టుకోవద్దు. వేడెక్కిన బండి వెనక ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలంటే మనమే బాంబు కట్టుకుని తిరుగుతున్నట్టు.

అసలు సంగతి మారేడుమిల్లి నుంచి మొదలవుతుంది. సూర్యోదయానికి గుడిస కొండ మీద ఉండాలంటే తెల్లవారుజామున 3 గంటలకే కదలాలి. పుల్లంగి దాకా సాఫీగానే ఉంటుంది. పై కొండ మొదలయ్యాక రాళ్లు, వాన నీళ్లు కోసిన చాళ్లు, పొడి మట్టి. ఇక్కడ ఆగి రెండు పనులు చేయాలి. మొదటిది, టైర్లలో గాలి 22 పీఎస్‌ఐకి దించడం. టైరు కాస్త పరుచుకుని రాయిని పట్టుకుంటుంది, చక్రం ఊరికే తిరగడం తగ్గుతుంది. ఊరికే తిరిగిన ప్రతి చుట్టూ ట్యాంకులోంచి పోయేదే. దిగాక తిరిగి నింపడానికి సిగరెట్ లైటరు సాకెట్టుకు తగిలించే చిన్న పంపు ఉండాలి. 22తో హైవే ఎక్కితే టైరు వేడెక్కుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది.

రెండోది ‘ఫోర్ లో’ (4L), అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు. బండి పూర్తిగా ఆపాలి, క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌లో పెట్టాలి, అప్పుడు రెండో లివరు ఆగకుండా ఒక్క ఊపున ‘ఫోర్ లో’కి లాగాలి. సగంలో ఆపితే అది న్యూట్రల్‌లో నిలబడిపోతుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు, వాలులో ఉంటే వెనక్కి జారుతుంది. అందుకే ఈ పని చదునులోనే, హ్యాండ్‌బ్రేకు వేసి చేసుకోవాలి.

ఎక్కుతున్నప్పుడు తేడా చెవికే తెలుస్తుంది. డీజిల్ ఐడిలింగ్‌కు కాస్త పైన, 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గర గునుస్తూ రాయి మీదికి ఎక్కేస్తుంది, యాక్సిలరేటరు మీద కాలు ఆనిస్తే చాలు. పెట్రోలు బండికీ బలం ఉంది, టార్క్ అంతే కదా. కానీ రాయి ముందు తడబడకుండా ఉండాలని డ్రైవరు 2,000 దాకా లేపుతాడు, పైకెక్కగానే వదుల్తాడు, మళ్లీ లేపుతాడు. మీటరు మీద అప్పటికప్పుడు చూపే మైలేజీ పెట్రోలుకు 4 దగ్గర, డీజిల్‌కు 6 దగ్గర ఊగింది. కారణం ఇంజిన్ల పుట్టుకలోనే ఉంది. పెట్రోలు ఇంజిన్ నెమ్మదిగా పోతున్నప్పుడు గాలి దారి దాదాపు మూసి ఉంటుంది, పిస్టన్లు ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే కష్టపడతాయి. డీజిల్‌కు గాలి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, తగ్గేదీ పెరిగేదీ ఇంధనమే. పైగా లీటరు డీజిల్‌లో శక్తి లీటరు పెట్రోలుకంటే పదో వంతుకు పైగా ఎక్కువ. మారేడుమిల్లిలో గుడిసకు జనాన్ని మోసే జీపులు దాదాపు అన్నీ డీజిల్‌వే ఎందుకో ఆ డ్రైవర్లను అడగక్కర్లేదు.

దిగేటప్పుడు ‘ఫోర్ లో’, ఒకటో గేరు, యాక్సిలరేటరు మీంచి కాలు పూర్తిగా తీసేయడం. న్యూట్రల్‌లో దింపితే ఇంధనం మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. లెక్క తిరగబడి ఉంటుంది. గేరులో ఉండి కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి, ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది, బ్రేకులు మాడిపోవడం అదనం.

తారు రోడ్డు ఎక్కగానే టూ హైకి, అంటే రెండు చక్రాలే లాగే మామూలు నడకకి మార్చాలి. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేదు. పొడి తారు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే మామూలు గేరు) మలుపు తిరిగితే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి, టైర్లు కీచుమంటాయి, స్టీరింగు బిగుస్తుంది. పాడయ్యేది ఇంజిన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. ఆ రిపేరు బిల్లు ముందు మనం లెక్కేస్తున్న పైసలు ఓ మూలకు రావు.

మర్నాడు చింతూరు దారిలో లక్కవరం జంక్షన్ నుంచి మళ్లి మోతుగూడెం, డొంకరాయి, సీలేరు. పక్కనే నీళ్లు, మీద అడవి, కింద గుంతలు. గంటకు 20 దాటని దారి చాలా ఉంది. డొంకరాయి దాటాక డీజిల్ బండి మీటరులో డీపీఎఫ్ దీపం వెలిగింది. ఇది బండి లోపం కాదు. బీఎస్ 6 డీజిల్ ఏదైనా సైలెన్సరు దారిలో మసిని డీపీఎఫ్ అనే జల్లెడలో పట్టి ఉంచుతుంది, వేడెక్కినప్పుడు కాల్చేసుకుంటుంది. రెండు రోజులుగా నత్తనడకే కాబట్టి ఆ వేడి రాలేదు. దీపం వెలిగితే 60కి పైన, 2,000 ఆర్‌పీఎంకు తగ్గకుండా 15, 20 నిమిషాలు ఆగకుండా నడపమంటారు. సీలేరు ఘాట్‌లో 60 ఎక్కడిది? స్పీడు లేకపోతే ఆర్‌పీఎం అయినా ఇవ్వాలని ధారకొండ వైపు ఎక్కుడులో నాలుగో గేరుకు పోకుండా మూడులోనే ఉంచాం. ఆర్వీ నగర్ దాటి రోడ్డు బాగుపడ్డాక దీపం ఆరింది.

దీపాన్ని పట్టించుకోకుండా మధ్యమధ్యలో ఇంజిన్ ఆపేస్తుంటే రెండు జరుగుతాయి. మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండరు గోడల మీంచి ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే పలచగా తగులుతుంది, డీజిల్ వాసన వేస్తుంది. అలాంటి ఆయిల్‌ను గడువు దాకా ఉంచకూడదు. రెండోది, జల్లెడ పూడిపోయి బండి బలం తగ్గించేసుకుంటుంది. అప్పుడు సర్వీసు సెంటరులో కంప్యూటరు తగిలించి కాల్పించాల్సిందే. పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ ద్రవం పోసే బండి అయితే దాన్నీ చూసుకోవాలి. ఖర్చు పెద్దది కాదు, కానీ అయిపోయాక ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

చింతపల్లిలో నింపితే ఈ 292 కిలోమీటర్లకు పెట్రోలు 40 లీటర్లు, డీజిల్ 28.1 తాగాయి. 7.3, 10.4. కిలోమీటరుకు 14.93, 9.33. హైవే మీద 2.80గా ఉన్న తేడా ఇక్కడ 5.60, సరిగ్గా రెట్టింపు. పెట్రోలా డీజిలా అని అడిగేవాళ్లకు ముందు మీ రోడ్డేది అని ఎదురు అడగాల్సింది ఇందుకే.

లంబసింగిలో పొద్దున మంచు కప్పేసినా రెండూ ఒక్క కీకే స్టార్టయ్యాయి. డీజిల్‌కు మీటరు మీద స్ప్రింగు గుర్తు ఆరేదాకా ఆగి తిప్పాలి, అంతే. నర్సీపట్నం దిగి విశాఖ చేరేసరికి 145 కిలోమీటర్లకు 12.4, 9.9 లీటర్లు. సగం దిగుడు కాబట్టి 11.7, 14.6 వచ్చాయి.

మొత్తం 742 కిలోమీటర్లు. పెట్రోలు 79.9 లీటర్లు, 8,709 రూపాయలు. డీజిల్ 59.9 లీటర్లు, 5,810 రూపాయలు. కిలోమీటరుకు 3 రూపాయల 90 పైసల తేడా. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలుకంటే దాదాపు మూడో వంతు తక్కువ. పెట్రోలు బండి వెనకబాటులో దాని వాటా కూడా ఉంది.

డీజిల్ బండి కొనేటప్పుడు లక్ష ఎక్కువ పెట్టారనుకుందాం, జీవిత పన్ను, ఇన్సూరెన్సు, లోను వడ్డీ అన్నీ కలిపి. ఈ ట్రిప్పులాంటి కలగలుపు దారుల్లో 25,600 కిలోమీటర్లకు తిరిగొస్తుంది. హైవే మీదే తిరిగితే 35,700. కొండల్లోనే తిరిగితే 17,900 చాలు. రోజూ ఊళ్లోనే ఆరు కిలోమీటర్లు ఆఫీసుకు పోయొచ్చేవాళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఏడాదికి 4,000 కిలోమీటర్లు కూడా తిరగదు, డీపీఎఫ్ దీపం మాత్రం తిరిగి తిరిగి వెలుగుతుంది. వాళ్లు పెట్రోలు కొనుక్కోవడమే మేలు. డీజిల్‌కు ఆయిల్ కూడా డీపీఎఫ్‌కు సరిపడే తక్కువ బూడిద రకమే పోయాలి, మామూలుది చవకని పోస్తే ఆ బూడిద జల్లెడలోనే ఉండిపోతుంది, కాల్చినా పోదు.

ఇంధనం ఏదైనా ఒకే రకంగా పడే ఖర్చు ఫోర్ వీల్‌ది. ఆల్ టెర్రెయిన్ టైరు 12,000 చొప్పున నాలుగు, 45,000 కిలోమీటర్లు నడిచాయనుకుంటే కిలోమీటరుకు రూపాయి పైచిలుకు. ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు, మూడింటికీ వేర్వేరుగా ఆయిల్. వాగులు దాటిన బండికి ఇంటికొచ్చాక వెనక డిఫరెన్షియల్ పై ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడాలి. ఆయిల్ తేనె రంగులో ఉంటే సరే, పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. అలా ఉంటే సర్వీసు తేదీ కోసం చూడకుండా మార్చేయాలి. మా రెండిటిలోనూ తేనె రంగే ఉంది. ప్లగ్గులు బిగించి, అడుగున పేరుకున్న గుడిస మట్టిని గట్టి పైపుతో కడిగేశాం.